వ్యాలీ ఫోర్జి శిక్షకుడు: బారన్ స్టూబెన్

సైనికులకు కవాతు నేర్పుట యనగానే గద్దించు కంఠమును, భయపడు ముఖములును మన మనస్సునకు దోచుట సహజము. గద్దింపుతోపాటు శిష్యుల ప్రేమను గూడ సంపాదించి, చెదరిపోవుచున్న యొక సైన్యమును నిలువబెట్టిన శిక్షకుని చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా దెలుపదలచితిమి.

ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ ఫాన్ స్టూబెన్ 1730వ సంవత్సరమున ప్రష్యా దేశమందలి మాగ్డెబర్గు పట్టణమున జన్మించెను. తండ్రి సైన్యములో ఇంజనీరు. కుమారుడును యౌవనారంభముననే సైన్యమున జేరి, 1756 మొదలు 1763 వఱకు జరిగిన సప్తవర్ష సంగ్రామమున బోరాడి గాయపడెను. ఫ్రెడరిక్ మహారాజు పరివారమున బనిచేసి యుద్ధకళను నేర్చెను. కాని యుద్ధము ముగియగనే కొలువు పోయెను. అప్పటి కాయన కాప్టెను మాత్రమే. పిమ్మట నొక చిన్న జర్మను సంస్థానమున దర్బారు ఉద్యోగిగా గొన్ని యేండ్లు గడపెను.

ఆ కాలమున అమెరికా వలసరాజ్యములు స్వాతంత్ర్యమునకై ఇంగ్లండుతో బోరాడుచుండెను. 1777లో స్టూబెను పారిసు నగరమున బెంజమిన్ ఫ్రాంక్లినును దర్శించి, సిఫారసు లేఖను బొంది అమెరికాకు బయలుదేఱెను. ఆ లేఖలో నాయన లెఫ్టినెంట్ జనరల్ అని వ్రాయబడెను. అది నిజము కాదు. చరిత్రము చెప్పువారు దీనిని దాచరాదు. ఆ బిరుదు తలుపు తెఱచుటకు బనికివచ్చెనేమో కాని, సైనికుల విశ్వాసమును మాత్ర మాయన తన పనివలననే సంపాదించెను.

1778 ఫిబ్రవరి 23వ తేదీన స్టూబెను వ్యాలీ ఫోర్జి శిబిరమును జేరెను. శత్రువుల వశమైన ఫిలడెల్ఫియాకు సుమారు 20 మైళ్ల దూరమున, జార్జి వాషింగ్టను సైన్యము కొయ్యగుడిసెలలో జలికాలము గడపుచుండెను. వచ్చిన సుమారు 12,000 మందిలో దాదాపు 2,000 మంది ఆ శిబిరకాలమున రోగములచే మరణించిరి. అనేకులకు బూట్లు లేవు, బట్టలు చాలవు. ఒక్కొక్క పటాలమున కొక్కొక్క తీరు కవాతు. ఒకరివెనుక నొకరుగా బారులు తీరి నడచుటచే యుద్ధభూమికి సకాలమున జేరలేకుండిరి. తుపాకికి దగిలించు బాయినెట్టుపై మాంసము గ్రుచ్చి కాల్చుకొనెడివారు.

స్టూబెను మొదట నూఱుగురిని మాత్రమే యెన్నుకొని, మార్చి 19వ తేదీన శిక్షణ మారంభించెను. కవాతు సార్జెంట్ల పని యనియు, పెద్ద యధికారులకు దగదనియు నాటి యాచారము. ఆయన తెల్లవాఱుజామున మూడు గంటలకే లేచి, సూర్యోదయమునకు మైదానమున నుండెడివాడు. తానే తుపాకి పట్టి, ప్రతి కదలికయు జేసి చూపెడివాడు. నిలుచుట, తిరుగుట, అడుగువేయుట వరుసగా నేర్పెను. నిమిషమునకు 75 అడుగుల సామాన్య నడకయు, 120 అడుగుల త్వరిత నడకయు నేర్పబడెను. నూఱుగురు నేర్చినది చూచి తక్కినవారు నేర్చిరి.

ఆయనకు ఇంగ్లీషు సరిగా రాదు. కోపము వచ్చిన జర్మనులోను, ఫ్రెంచిలోను దిట్టెడివాడు. అవియు జాలనప్పుడు దుబాసీగా నున్న కాప్టెన్ వాకరును బిలిచి తన పక్షమున ఇంగ్లీషులో దిట్టుమనెడివాడు. సైనికులు నవ్వెడివారు, మరల బ్రయత్నించెడివారు. ఐరోపా సైనికునకు ఆజ్ఞ యొక్కటి చాలుననియు, అమెరికా సైనికునకు గారణముగూడ జెప్పవలయుననియు నాయన శీఘ్రముగా గ్రహించి, తన పద్ధతిని మార్చుకొనెను. శిబిరమందు వంటశాలల కెదుటివైపున మరుగుదొడ్లు కట్టించెను. అలసిన దేహమున ధైర్యము నిలువదని యాయన యెఱుగును.

మే నెలలో గాంగ్రెసు వారాయనను సైన్యమున కంతకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించిరి. జూన్ 28వ తేదీన మన్మత్ యుద్ధము జరిగెను. ఆ దినపు టెండకే యనేకులు ప్రాణములు విడిచిరి. ముందుదళము వెనుకకు దిరిగినను, వాషింగ్టను రాగానే సైనికులు మరల వరుసలు తీర్చి, ఆరితేఱిన శత్రువుల యెదుట గట్టిగా నిలిచిరి. జయమెవరిదో తేలలేదు, కాని శత్రువులా రాత్రియే తరలిపోయిరి. కొద్ది నెలలకు ముందు చలికి వణకినవారే వీరు! మఱుసటి జూలైలో స్టోనీ పాయింటు కోటను అమెరికా సైనికులు ముఖ్యముగా బాయినెట్లతోనే పట్టుకొనిరి.

1779లో స్టూబెను కవాతు నియమములను గ్రంథముగా బ్రకటించెను. నీలపు అట్టలచే దానికి నీలిపుస్తకమని పేరు వచ్చెను. అందు కాప్టెను మొదటి కర్తవ్యము, తన సైనికులను దయతో జూచి వారి ప్రేమను సంపాదించుట యనియు, ప్రతివాని పేరును, స్వభావమును దెలిసికొనుట యనియు విధించెను. 1781లో యార్క్‌టౌను ముట్టడిలో నొక దళమును నడపెను. 1783 డిసెంబరులో వాషింగ్టను తన పదవిని విడుచు దినమున గృతజ్ఞతతో నాయనకు లేఖ వ్రాసెను. స్టూబెను 1794 నవంబరు 28న న్యూయార్కు రాష్ట్రమందలి తన భూములయందు మరణించెను.

ఈ చరిత్రమువలన మేము గ్రహించిన దేమన: ఆత్మవిశ్వాసము ఉపన్యాసములచే గలుగదు. నిన్న తప్పిన యడుగు నేడు సరిపడినప్పుడు, దానిని నేర్పినవాడు ప్రక్కనే నిలిచియున్నప్పుడు కలుగును. విద్యార్థులు డ్రిల్లు మైదానమునందును, తల్లిదండ్రులు గృహములందును, ఉపాధ్యాయులమగు మేము తరగతులందును దీనిని జ్ఞాపకముంచుకొందుముగాక.