బోరిస్ లెవిన్సన్

బోరిస్ లెవిన్సన్ (1907 - 1984) అమెరికాకు చెందిన ప్రముఖ బాలల మనస్తత్వ శాస్త్రవేత్త. మానసిక చికిత్సలో కుక్కను వైద్యునికి సహాయకారిగా ఉపయోగించవచ్చునని శాస్త్రీయంగా ప్రతిపాదించినవారిలో ఈయన ఆద్యుడు.

జీవితం

లెవిన్సన్ 1907లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో భాగమైన లిథువేనియాలో జన్మించాడు. 1923లో అమెరికా చేరాడు. 1947లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, అదే నగరంలోని యెషీవా విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా పనిచేశాడు.

జింగిల్స్

ఈయనకు పేరు తెచ్చినది జింగిల్స్ అనే పెంపుడు కుక్క. 1950వ దశకం తొలినాళ్ళలో, ఎవరితోనూ కలవని ఒక బాలుని తల్లిదండ్రులు ఈయన వద్దకు తీసుకొనివచ్చారు. అప్పటికే దీర్ఘకాలం జరిగిన చికిత్స ఫలించక, బాలుని ఆసుపత్రిలో చేర్చవలెనని సలహా కూడా వచ్చింది. వారు నిర్ణీత సమయానికి ముందే రావడంతో, మామూలుగా ఆ వేళకు గదిలో ఉండని జింగిల్స్ అక్కడే ఉంది. అది పరుగున పోయి బాలుని నాకింది. బాలుడు భయపడలేదు సరికదా, దానిని అక్కున చేర్చుకున్నాడు. విడదీయబోయిన తల్లిదండ్రులను లెవిన్సన్ వారించాడు. మళ్ళీ వచ్చి కుక్కతో ఆడుకుంటానని బాలుడే కోరాడు. తరువాత కొన్ని పర్యాయాలు అతడు కుక్కతోనే గడిపాడు. వైద్యుని ఉనికినే పట్టించుకోలేదు. ఆ చనువు మెల్లగా వైద్యునికీ విస్తరించి, అసలు చికిత్సకు దారి ఏర్పడింది. ఆ ఘనతలో అధికభాగం జింగిల్స్‌దేనని లెవిన్సన్ వ్రాశాడు.

విమర్శలు

1961లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సమావేశంలో ఈ అనుభవాలను వివరించినపుడు పలువురు నవ్వారు. ఫీజులో కుక్కకు వాటా ఇస్తున్నారా అని ఎవరో ఎగతాళి చేశారట. నిజానికి సిగ్మండ్ ఫ్రాయిడ్ అంతటివాడు తన కుక్క జోఫీని రోగులను చూసే గదిలో ఉండనిచ్చేవాడు. అయితే ఫ్రాయిడ్‌కు అది ఒక అలవాటు. దానిని చికిత్సాపద్ధతిగా రూపొందించినది లెవిన్సన్. 1962లో వ్యాసంగా, 1969లో పుస్తకంగా తన వాదాన్ని ప్రకటించాడు. కుక్క వైద్యుని స్థానాన్ని ఆక్రమించదని, మాట పెగలని బిడ్డకూ వైద్యునికీ నడుమ వారధి మాత్రమేనని ఈయన అభిప్రాయం. వసతి పాఠశాలల్లోను, వృద్ధుల విషయంలోను పెంపుడు జంతువుల ఉపయోగాన్ని గురించి కూడా వ్రాశాడు.

అనంతరం

జింగిల్స్ ప్రత్యేక శిక్షణ పొందిన కుక్క కాదు. తరువాతి కాలంలో ఈ పనికి శిక్షణ ఇచ్చిన కుక్కలు పాఠశాలలకు, ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు వచ్చాయి. న్యాయస్థానాల్లో ప్రవేశం లెవిన్సన్ చూడలేదు. 2003లో సియాటిల్‌లో జీటర్ అనే శిక్షిత శునకం, సాక్ష్యం చెప్పవలసిన పిల్లలకు తోడుగా నిలిచింది. అటువంటి కుక్క మొరగకుండా, కదలకుండా సాక్షి పాదాల చెంత పడుకొని ఉండటం నేర్చుకోవాలి.