బొగ్గుట్ట జాడ చెప్పిన విలియం కింగ్

ఇల్లందు: బొగ్గుట్టగా పేరొందిన ఇల్లందులో నల్లబంగారం ఉన్నదని శాస్త్రీయంగా నిర్ధారించిన భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్. సింగరేణి గనులకూ, బొగ్గు రవాణా కోసం డోర్నకల్ నుంచి వేసిన రైలు మార్గానికీ ఆయన పరిశోధనే పునాది.

కింగ్ తండ్రి ఐర్లాండ్‌లోని గాల్వే కళాశాలలో భూగర్భశాస్త్ర ఆచార్యుడు. నియాండర్తల్ మానవునికి 1864లో శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. కుమారుడు 1857లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరి తెలుగు నేలపై ఏళ్ల తరబడి సంచరించారు. కడప, కర్నూలు శిలాశ్రేణులపై 1872లో ఆయన వెలువరించిన గ్రంథం తరువాతి పరిశోధకులకు ఆధారమైంది.

భద్రాచలం యాత్రికులు పొయ్యికి పెట్టిన నల్లరాళ్లు రాజుకోవడంతో ఇక్కడి బొగ్గు సంగతి బయటపడిందని స్థానికంగా ఒక కథ ప్రచారంలో ఉంది. సింగరేణి సంస్థ చరిత్ర ప్రకారం ఈ నిక్షేపాలను 1871లో కింగ్ కనుగొన్నారు. సమీపంలోని సింగరేణి గ్రామం పేరే ఈ క్షేత్రానికి స్థిరపడింది.

రైలు వచ్చాకే వెలుగు

జాడ తెలిసినా బొగ్గు వెలికి రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. గుట్టలు, దట్టమైన అడవుల నడుమ ఎడ్లబండ్లపై అంత బరువు తరలించడం గిట్టుబాటయ్యే పని కాదు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చినా, ఇల్లందు దానికి ఎంతో దూరంలో ఉండిపోయింది.

1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ గనుల హక్కులు పొందింది. నిజాం రైలు మార్గం వరంగల్, డోర్నకల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా ఇల్లందుకు శాఖా మార్గం పడింది. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. గనికి రైలు దారి చూపితే, రైలింజన్లకు గని ఇంధనమిచ్చింది. అప్పటికి కింగ్ సర్వేక్షణ సంస్థకు అధిపతి. 1887 నుంచి 1894 వరకు ఆయన ఆ పదవిలో కొనసాగారు.

పొరలో నిలిచిన పేరు

కింగ్ 1900లో కన్నుమూశారు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. అనంతరం గనులు కొత్తగూడేనికి విస్తరించాయి. సంస్థ ప్రధాన కార్యాలయం సైతం అక్కడే నెలకొంది. తొలి గనులకు నెలవైన ఇల్లందు పూర్వ ప్రాభవాన్ని కోల్పోయింది. అయినా ఇక్కడి మేలైన బొగ్గు పొరకు కింగ్ సీమ్ అన్న పేరు నిలిచింది. ఆయనెవరో తెలియని కార్మికులు సైతం తరతరాలుగా ఆ పేరు పలుకుతూనే గనిలోకి దిగారు.