గరాటాతో అలలను పట్టిన ఆచార్యుడు

మా ప్రయోగశాలలో అడుగు పెట్టినప్పుడల్లా మేం అనుకునే మాట ఒకటుంది. పరికరాలు చాలవు, గది చాలదు, ఇక ఇక్కడేం చేస్తాం అని. నేనూ ఆ మాట చాలాసార్లు అన్నాను. ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ జీవితం చదివాక మాత్రం ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

బోస్ 1858 నవంబరు 30న, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న మైమెన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర డిప్యూటీ మేజిస్ట్రేటు. అంతటి ఉద్యోగి అయివుండీ కొడుకును ముందు ఇంగ్లీషు బడికి పంపక, బెంగాలీ పాఠశాలలో వేశారు. అక్కడ ఒక జాలరి కొడుకు, ఇంటి బంట్రోతు కొడుకు ఆయన సహాధ్యాయులు. తర్వాత కలకత్తా సెయింట్ జేవియర్స్ కాలేజీలో చదివి, 1880లో వైద్యవిద్య కోసం లండన్ వెళ్ళారు. ఆరోగ్యం సహకరించలేదు. కేంబ్రిడ్జికి మారి, లార్డ్ రేలీ వంటి గురువుల దగ్గర విజ్ఞానశాస్త్రం నేర్చుకున్నారు.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు ఆచార్యుడిగా చేరారు. అసలు పరీక్ష అక్కడే మొదలైంది. తెల్లవారి జీతంలో భారతీయులకు మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. తాత్కాలిక ఉద్యోగం కాబట్టి బోస్‌కు అందులోనూ సగమే. ఆయన గొడవ చేయలేదు, ఉద్యోగమూ మానలేదు. పాఠాలు చెబుతూనే మూడేళ్ళు జీతం ముట్టకుండా ఉండిపోయారు. ఇంటి మీద తండ్రి చేసిన అప్పులున్న రోజులవి. అప్పున్న ఇంట్లో ఒక్క నెల డబ్బు రాకపోతే ఎలా ఉంటుందో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కర్లేదు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి, పాత బకాయితో సహా పూర్తి జీతం ఇచ్చింది. ఆ సొమ్ముతో తండ్రి అప్పులు తీర్చారు.

పరిశోధనకు ఆయనకు దొరికింది 24 చదరపు అడుగుల గది. సహాయకుడు ఒక రేకుల పనివాడు. విద్యుదయస్కాంత తరంగాలు నిజంగా ఉన్నాయని జర్మనీలో హెర్ట్జ్ అప్పటికే నిరూపించారు. అయితే ఆ అలలు పొడవైనవి. వాటిని ఒక దిక్కుకు తిప్పాలంటే పెద్ద పెద్ద అద్దాలు కావాలి. బోస్ 1894 నుంచి అలలనే పొట్టి చేస్తూ పోయారు. 5 మిల్లీమీటర్ల దాకా దించారు. అంటే సెకనుకు సుమారు 6000 కోట్ల కంపనాలు! అల ఎంత పొట్టిదైతే, దాన్ని సూటిగా పంపే సాధనం అంత చిన్నదైతే చాలు. అందుకని చిన్న రేకు గరాటాతోనే అలలను పట్టి డిటెక్టరుకు చేర్చారు. ఇప్పుడు మనం హార్న్ యాంటెన్నా అంటున్నది అదే. ఆయన ప్రయోగశాల మొత్తం ఒక బల్ల మీద సరిపోయింది.

పరికరాలకోసం ఆయన దూరం వెళ్ళలేదు. రైల్వే టైంటేబులు పుటల మధ్య తగరపు రేకు పెట్టి, అల ఏ తలంలో ఊగుతోందో పరీక్షించారు. జనపనారకు పురిపెట్టి కట్టలు కట్టి, వాటిగుండా అలలను పంపారు. కుడి పురికి ఆ తలం ఒకవైపు తిరిగింది, ఎడమ పురికి రెండోవైపు తిరిగింది. పలుపుతాళ్ళు పేనే మా తాతయ్యకు ఏ పురి ఎటో కళ్ళు మూసుకున్నా తెలుసు. అందులో ఇంత ఫిజిక్సు ఉందని మాత్రం మా ఇంట్లో ఎవ్వరికీ తెలీదు.

1895లో కలకత్తా టౌన్‌హాల్లో గోడల అవతలినుంచి ఈ అలలతో గంట మోగించి, తుపాకి మందు పేల్చి చూపించారు. 1897లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యసించారు. గెలీనా స్ఫటికంతో చేసిన డిటెక్టరుకు 1904లో అమెరికా పేటెంటు వచ్చినా, దానిమీద డబ్బు సంపాదించే ప్రయత్నం చేయలేదు. ఈలోగా లోకమంతా దూరాలు దాటే పొడవు అలల వెంట పోయింది. బోస్ మొక్కల స్పందనల వైపు మళ్ళారు. అక్కడ ఆయన చేసిన కొన్ని నిర్ణయాలను తోటి శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. అయినా ఆగలేదు. 1917లో బోస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు.

మిల్లీమీటరు అలలు చాలాకాలం మూలపడి ఉన్నాయి. ఈనాడు కార్ల బంపరు వెనుక దాగిన రాడారు పనిచేసేది 77 గిగాహెర్ట్జ్ దగ్గర. ఆ అల పొడవు సుమారు 3.9 మిల్లీమీటర్లు. అందుకే ఒక్కొక్క యాంటెన్నా ముక్క రెండు మిల్లీమీటర్లలో ఇమిడిపోతుంది. అలాంటివి వరుసగా పేర్చిన పలక అరచేతిలో పడుతుంది. పొగమంచులోనూ ముందున్న బండి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో పోతోందో అది చెబుతుంది. గరాటా పోయి పలక వచ్చింది గాని, పొట్టి అలకు చిన్న సాధనం చాలునన్న సూత్రం మాత్రం ఆ ఇరుకు గదిలోనిదే.

మిత్రులారా, గది చిన్నదైతే దానికి తగ్గట్టు అలను చిన్నది చేసుకున్న మనిషి ఆయన. జీతం తక్కువైతే చేయి చాపకుండా నిలబడ్డ మనిషీ ఆయనే. ఈ రెండింటిలో ఏది ఎక్కువ కష్టమో నాకు తెలీదు. వచ్చే ఏడు ప్రయోగశాల తలుపు తీసేటప్పుడు మాత్రం, ఏం లేదో లెక్కపెట్టే ముందు ఏముందో ఒకసారి చూద్దాం.

— తృతీయ బి.యస్సీ. విద్యార్థి