దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులు

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. జీవికకై బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం తయారీ ఆరంభించారు. సంగీత సభలలో రసికులకు ఉచితంగా పంచిన ఆ లేపనం క్రమంగా ఇంటింటికీ పరిచితమై సిరులు కురిపించింది. పంతులుగారి మనస్సు మాత్రం ధనార్జనతో తృప్తి చెందలేదు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసు నుండి దినపత్రికగా వెలువరించారు. 1924లో సాహిత్య మాసపత్రిక భారతిని ప్రారంభించారు. సాహిత్య పత్రిక లాభసాటి బేరం కాదని అంతటి వర్తకునికి తెలియనిది కాదు. అయినా తలనొప్పి మందు ఆర్జించినదానిని అక్షరానికి వెచ్చించారు. ఆంధ్ర గ్రంథమాల ద్వారా 1926లో పాల్కురికి సోమనాథుని బసవపురాణం ప్రకటించారు. ద్విపద కావ్యాలకు పండితులలో అంతగా ఆదరణ లేని కాలమది! ఉప్పు సత్యాగ్రహంలో కారాగారవాసం అనుభవించి, అక్కడనే భగవద్గీతకు వ్యాఖ్య రచించారు. 1938లో కీర్తిశేషులయ్యారు.