పదాల మధ్య బంధాన్ని విప్పి చూపిన ఇమామ్ సీబవైహ్ (రహ్మ)

దివ్య ఖుర్‌ఆన్ చదవడం మొదలుపెట్టిన పిల్లవాడికి ఉస్తాద్ తొలి రోజుల్లోనే జబర్, జేర్, పేష్ నేర్పిస్తారు. అక్షరం పైనా, కిందా ఉండే ఆ చిన్న గుర్తులు ఉచ్చారణ కోసమే అని మనలో చాలామంది అనుకుంటారు. కాని అరబీలో పదం చివర ఉండే గుర్తు అంతకన్నా పెద్ద పని చేస్తుంది. వాక్యంలో ఆ పదం స్థానం ఏమిటో అది చెబుతుంది. పని చేసింది ఎవరు, అది ఎవరి మీద జరిగింది, ఏ పదం ఏ పదంతో కలుస్తుంది అన్నది దాని వల్లే తెలుస్తుంది.

తౌబా సూరా మూడవ ఆయతు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ముష్రిక్కులతో అల్లాహ్‌కు ఎలాంటి సంబంధమూ లేదని, ఆయన ప్రవక్త (స)కు కూడా లేదని అందులో ప్రకటన ఉంది. అక్కడ 'రసూల్' అనే పదంలోని లామ్ మీద పేష్ ఉంది. ఎవరైనా పొరపాటున జేర్ పెట్టి చదివితే ఆ పదం వెళ్ళి ముష్రిక్కుల సరసన చేరుతుంది. అర్థం తలకిందులవుతుంది (అల్లాహ్ కాపాడుగాక!). బస్రాకు చెందిన అబుల్ అస్వద్ దుఅలీ (మరణం హిజ్రీ 69) ఇలాంటి తప్పు పఠనాన్ని విని కలత చెందారనీ, పదాల చివరి స్వరాలకు చుక్కల రూపంలో గుర్తులు పెట్టించారనీ చరిత్రకారులు రాశారు.

గుర్తులు పెట్టడం ఒక ఎత్తు. అక్కడ పేష్ ఎందుకు రావాలి, జేర్ ఎందుకు రాకూడదు అన్నది నియమబద్ధంగా వివరించడం మరో ఎత్తు. ఆ రెండో పనిని మనకు అందిన తొలి సమగ్ర గ్రంథంలో పొందుపరచిన మహనీయుడు పుట్టుకతో అరబ్బు కాడు. ఆయనే ఇమామ్ సీబవైహ్ (రహ్మ).

జననం, పేరు

ఆయన అసలు పేరు అమ్ర్. తండ్రి పేరు ఉస్మాన్, తాత పేరు ఖంబర్. కునియత్ అబూ బిష్ర్. ఇరాన్‌లోని షీరాజ్ నగరానికి దగ్గరలో ఉన్న బైజా అనే ఊరు ఆయన జన్మస్థలమని ఎక్కువమంది చెబుతారు. హిజ్రీ రెండవ శతాబ్దం మధ్యకాలం ఆయన బాల్యం, యౌవనం గడిచిన కాలం. మాతృభాష ఫార్సీ. సీబవైహ్ అన్నది ముద్దుపేరు. దానికి సేబ్ పండు సువాసన అనే అర్థం చెప్పడం వాడుకలో ఉంది. ఉర్దూ తెలిసిన మన ఇళ్ళలో సేబ్, బూ అనే ఈ రెండు మాటలూ పరిచయమైనవే.

ఒక్క పదం మార్చిన దారి

యువకుడిగా ఆయన బస్రాకు వచ్చింది వ్యాకరణం కోసం కాదు. హదీసు, ఫిఖ్‌హ్ నేర్చుకోవాలన్నది ఆయన కోరిక. ఆ కాలపు గొప్ప ముహద్దిస్ హమ్మాద్ బిన్ సలమా (రహ్మ) దగ్గర కూర్చుని హదీసులు రాసుకునేవారు. ఒకరోజు చదివిన ఒక రివాయత్‌లో 'లైస' అనే పదం తర్వాత హజ్రత్ అబుద్దర్దా (రజి) పేరు వచ్చింది. సీబవైహ్ దాన్ని 'అబూ' అని చదివారు. ఉస్తాద్ వెంటనే ఆపి, అక్కడ 'అబా' అని చదవాలని సరిదిద్దారు.

సీబవైహ్ ఆలోచన పూర్తిగా నిరాధారమైనదేమీ కాదు. 'లైస'కు మామూలుగా 'కాదు' అని అర్థం. దాని తర్వాత వచ్చే నామం కర్త స్థానంలో ఉంటుంది కాబట్టి 'అబూ' అనాలని ఆయన అనుకున్నారు. కాని ఆ వాక్యంలో 'లైస' మన తెలుగులోని 'తప్ప' అనే మాట చేసే పని చేస్తోంది. పదం అదే, పొరుగు మారింది, పని మారింది. ఒక పదం అర్థం నిఘంటువులో మాత్రమే ఉండదనీ, వాక్యంలో దానికి దొరికిన చోటులో కూడా ఉంటుందనీ ఆ యువకుడికి ఆ రోజు బోధపడింది.

పదిమందిలో తప్పు బయటపడితే మొహం చాటేసేవారు ఉంటారు, ఉస్తాద్ మీద అలిగేవారూ ఉంటారు. సీబవైహ్ ఆ రెండూ చేయలేదు. ఇకమీదట తన మాటలో ఎవరూ తప్పు పట్టలేనంతగా ఈ విద్య నేర్చుకోవాలని సంకల్పించారు.

ఉస్తాద్, శిష్యుడు

అలా ఆయన ఖలీల్ బిన్ అహ్మద్ ఫరాహీదీ (రహ్మ) సన్నిధికి చేరారు. అరబీ ఛందశ్శాస్త్రానికి మూలపురుషుడు ఈ ఖలీలే. కితాబుల్ ఐన్ అనే తొలి అరబీ నిఘంటువు రూపకల్పన కూడా ఆయనదే. పాలకుల తలుపు తట్టకుండా బస్రాలో నిరాడంబరంగా జీవించిన పండితుడాయన. ఎంతసేపు కూర్చున్నా విసుగు పుట్టించని అతిథిగా ఆయన సీబవైహ్‌ను ఆదరించేవారని చెబుతారు. యూనుస్ బిన్ హబీబ్, ఈసా బిన్ ఉమర్ వంటి విద్వాంసుల నుంచి కూడా సీబవైహ్ లబ్ధి పొందారు. ఎడారి నుంచి వచ్చే బద్దూల నోట స్వచ్ఛమైన అరబీ ఎలా పలుకుతోందో శ్రద్ధగా గమనించేవారు.

అల్ కితాబ్

ఇలా పోగుచేసిన జ్ఞానమంతటినీ ఆయన ఒక గ్రంథంలో పెట్టారు. దానికి ముందుమాట లేదు, ముగింపు లేదు, చివరికి పేరు కూడా లేదు. అందుకే లోకం దాన్ని 'అల్ కితాబ్' అని మాత్రమే పిలిచింది. సుమారు 570 అధ్యాయాలున్న ఆ గ్రంథంలో వందలాది ఖుర్‌ఆన్ ఆయతులు, వెయ్యికి పైగా కవితా పాదాలు సాక్ష్యాలుగా ఉన్నాయి.

అందులోని మూల సూత్రాలను మన భాషలోనే చూద్దాం. వాక్యానికి రెండు స్తంభాలు ఉంటాయి. ఒకటి ఎవరి గురించి చెబుతున్నామో ఆ పదం, రెండవది వారి గురించి చెప్పే విషయం. వీటినే అరబీలో ముస్నద్, ముస్నద్ ఇలైహ్ అంటారు. ఒకటి లేకుండా రెండవది నిలబడదు. 'యూసుఫ్' అని ఊరుకుంటే వినేవాడు ఇంకా ఏదో చెబుతారని ఎదురుచూస్తాడు. 'యూసుఫ్ డాక్టర్' అంటే వాక్యం పూర్తయింది. ఇక్కడ క్రియ లేదన్నది గమనించండి. అరబీలోనూ ఇలాగే రెండు నామాలు పక్కపక్కన నిలిచి వాక్యం అవుతాయి. అదే మాట ఉర్దూలో చెప్పాలంటే చివర 'హై' ఉండాలి. ఈ ఒక్క విషయంలో అరబీ, ఉర్దూ కంటే తెలుగుకే దగ్గర!

రెండవ సూత్రం, వాక్యంలో ఒక పదం మరో పదం మీద ప్రభావం చూపుతుంది. అలా చూపే పదాన్ని ఆమిల్ అంటారు. 'అహ్మద్ యూసుఫ్‌ను పిలిచాడు' అన్న వాక్యంలో 'పిలిచాడు' అనే క్రియ ఉంది కాబట్టే యూసుఫ్ పక్కన 'ను' వచ్చింది. 'యూసుఫ్‌ను అహ్మద్ పిలిచాడు' అని తిప్పి చెప్పినా పిలిచినవాడు అహ్మదే. ఉర్దూలో 'నే', 'కో' అనే మాటలు ఈ పని చేస్తాయి. అరబీలో విడి మాటలు అవసరం లేదు. అహ్మద్ చివర పేష్, యూసుఫ్ చివర జబర్ ఉంటే చాలు, ఎవరు ఎవరిని పిలిచారో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో అయితే రెండు పేర్ల స్థానాలు మార్చగానే పిలిచినవాడే మారిపోతాడు, ఎందుకంటే అక్కడ వరుసే గుర్తు. ప్రతి భాషకూ ఈ బంధాన్ని చూపడానికి తనదైన ఒక పద్ధతి ఉంది. అరబీ పద్ధతిని సీబవైహ్ విప్పి చూపారు.

మూడవది మరీ ఆసక్తికరమైనది. వాక్యం సరిగా ఉండటం వేరు, అందులోని సంగతి నిజం కావడం వేరు అని ఆయన విడదీశారు. 'నిన్న మీ ఇంటికి వచ్చాను' అన్నది సరైన వాక్యం. 'రేపు మీ ఇంటికి వచ్చాను' అంటే మొదటి మాటను రెండవది కొట్టేస్తుంది, అది అసంభవం. 'గోల్కొండ కోటను జేబులో వేసుకొచ్చాను' అంటే వాక్యం చక్కగానే ఉంది, మాట అబద్ధం. 'అహ్మద్ మంచి చదివాడు నిన్న పుస్తకం' అంటే సంగతి ఊహించవచ్చు గాని, పదాలు ఉండాల్సిన చోట లేవు కాబట్టి అది వికారంగా ఉంది. ఇక 'రేపు గోల్కొండ కోటను జేబులో వేసుకొచ్చాను' అనేది అసంభవమూ, అబద్ధమూ కూడా. మాటను ఇలా ఐదు రకాలుగా తూచే త్రాసును ఆయన పన్నెండు శతాబ్దాల క్రితమే చేసిపెట్టారు.

ఆయన నిజాయితీ కూడా గుర్తుంచుకోదగినది. ఎవరి దగ్గర నేర్చుకున్న విషయాన్ని వారి పేరుతోనే రాశారు. గ్రంథంలో ఖలీల్ ప్రస్తావన వందల సార్లు వస్తుంది. సీబవైహ్ మరణించాక, ఖలీల్ విద్య నుంచి ఆయన వెయ్యి పత్రాల గ్రంథం రాశారని విని యూనుస్ సందేహించారు. గ్రంథాన్ని తెప్పించి చూశారు. తాను చెప్పినవన్నీ అందులో ఉన్నవి ఉన్నట్టుగా కనిపించాయి. నా విషయంలో నిజం పలికినవాడు ఖలీల్ విషయంలోనూ నిజమే పలికి ఉంటాడని ఆయన తీర్మానించారు. హదీసు విద్యార్థిగా అలవడిన అమానత్ వ్యాకరణంలోనూ ఆయనను విడిచిపోలేదు.

బగ్దాద్ సభ

పేరు వ్యాపించాక సీబవైహ్ రాజధాని బగ్దాద్‌కు వెళ్ళారు. ఖలీఫా హారూన్ రషీద్ మంత్రి యహ్యా బిన్ ఖాలిద్ బర్మకీ సభలో ఆయనకూ, కూఫా పండితుడు ఇమామ్ కిసాయీ (రహ్మ)కీ చర్చ ఏర్పాటైంది. కిసాయీ సామాన్యులు కారు. ఏడుగురు సుప్రసిద్ధ ఖారీలలో ఒకరు, ఖలీఫా కుమారుల గురువు.

తేలు కుట్టడం, కందిరీగ కుట్టడం గురించిన ఒక వాక్యం మీద చర్చ నడిచింది. తేలు కాటే ఎక్కువ బాధ అనుకున్నవాడికి, చూస్తే ఇదీ అదే అని తేలుతుంది. అందులో 'అదే' అన్న చోట ఏ రూపం రావాలి అన్నది ప్రశ్న. 'హియ' అనే కర్త రూపం ఒక్కటే సరైనదని సీబవైహ్ అన్నారు. 'ఇయ్యాహా' అనే కర్మ రూపం కూడా చెల్లుతుందని కిసాయీ అన్నారు. తెలుగులో 'చూస్తే ఇదీ అదే' అంటాం గాని 'చూస్తే ఇది దాన్ని' అనం. ఆ వాక్యంలో ఒక దాని మీద మరొకటి పని చేయడం లేదు, రెండూ వాక్యానికి స్తంభాలే. సీబవైహ్ వాదన ఇదే. బస్రావారు ఎక్కువమంది వాడుకను చూసి నియమం కట్టేవారు. కూఫావారు అరుదుగా వినిపించిన ప్రయోగాన్ని కూడా అంగీకరించేవారు. అసలు తేడా అక్కడుంది.

తీర్పు కోసం ద్వారం దగ్గర ఉన్న బద్దూలను పిలిచారు. వారు కిసాయీ వైపు మాట్లాడారు. కిసాయీ హోదా చూసి వారు అలా అన్నారని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. కిసాయీ మాటే సరి అన్నారు తప్ప ఆ రూపాన్ని వారు స్వయంగా పలకలేదనీ, ఆ వాక్యాన్ని వారి నోట పలికించమని సీబవైహ్ మంత్రిని కోరారనీ, వారి నాలుక అలా తిరగదని ఆయనకు తెలుసనీ కూడా రాశారు. ఏమైనా సభలో ఓటమి సీబవైహ్ ఖాతాలోనే పడింది. కిసాయీ సిఫారసుతో మంత్రి ఆయనకు పదివేల దిర్హములు ఇప్పించారు.

సీబవైహ్ మళ్ళీ బస్రాలో స్థిరపడలేదు. స్వదేశం వైపు వెళ్ళిపోయారు. దిగులుతో కుంగిపోయారని కొందరు, జబ్బు చేసిందని కొందరు అంటారు. సుమారు హిజ్రీ 180 (క్రీ.శ. 796)లో, నలభై ఏళ్ళు దాటకుండానే ఆయన పరమపదించారని ఎక్కువమంది చెబుతారు. షీరాజ్‌లోని సంగె సియా అనే పాత పేటలో ఆయన సమాధి ఉంది.

మరణం తర్వాత

ఆయన తన గ్రంథాన్ని శిష్యులకు పాఠంగా చెప్పినట్లు దాఖలా లేదు. అది అక్కడితో మరుగునపడి ఉండవలసింది. కాని సహచరుడు అఖ్‌ఫష్ (సయీద్ బిన్ మస్‌అదా) దాన్ని భద్రపరచి ఇతరులకు బోధించారు. స్వయంగా కిసాయీ కూడా దాన్ని అఖ్‌ఫష్ దగ్గర చదువుకున్నారని చెబుతారు. కిసాయీ శిష్యుడు ఫర్రా మరణించినప్పుడు ఆయన తలగడ కింద దొరికిన గ్రంథం ఇదేనట! సభలో గెలిచిన పక్షమే ఓడినవాని పుస్తకం ముందు విద్యార్థిగా కూర్చుంది. దీన్ని కిసాయీకి తక్కువగా కాక, ఆయన విద్యాప్రేమకు నిదర్శనంగా తీసుకోవడమే న్యాయం.

బస్రా పండితుడు జర్మీ తాను ముప్ఫై ఏళ్ళుగా సీబవైహ్ గ్రంథం ఆధారంగా ఫిఖ్‌హ్ ఫత్వాలు ఇస్తున్నానని చెప్పేవారు. హదీసు తెలిసిన ఆయనకు, మాటను ఎలా పరిశీలించాలో, ఎలా తర్కించాలో ఆ గ్రంథం నేర్పింది. హిజ్రీ 7వ శతాబ్దంలో ఇబ్నుల్ హాజిబ్ రాసిన కాఫియా సీబవైహ్ పరంపరలోనిదే. మన దేశపు మదరసాలలో విద్యార్థులు హిదాయతున్నహ్వ్, కాఫియా చదివేటప్పుడు వారికి తెలిసినా, తెలియకపోయినా వారి చేతిలో ఉన్న దీపం ఆయన దీపం నుంచి వెలిగించిందే. 1881 నుంచి 1889 వరకు పారిస్‌లోనూ అల్ కితాబ్ ముద్రణ జరిగింది.

మనం నేర్చుకోవలసింది

ప్రియ పాఠకులారా! అరబీ మన మాతృభాష కాదు కదా, మనకెలా వస్తుంది అనే మాట మన ఇళ్ళలో తరచూ వినిపిస్తుంది. సీబవైహ్‌కు కూడా అది మాతృభాష కాదు. పుట్టుకతో వచ్చిన భాష గాలిలాంటిది, పీల్చేవాడు దాన్ని గమనించడు. బయటినుంచి వచ్చినవాడు ప్రతి పదాన్నీ ఆగి చూస్తాడు. ఆ చూపు వల్లే అరబ్బుల భాషకు అరబ్బు కానివాడు ఇమామ్ అయ్యాడు. 'పిలిచాడు' అంటే ముందు 'ను' ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన పిల్లవాడు, అరబీలో జబర్ ఎందుకు వచ్చిందో కూడా గ్రహించగలడు. తెలుగు అతనికి అడ్డం కాదు, మెట్టు.

రెండవది, పిల్లల పఠనంలో తప్పు వస్తే సరిదిద్దే ఉస్తాద్, సరిదిద్దించుకునే విద్యార్థి ఇద్దరూ హమ్మాద్, సీబవైహ్‌లను తలచుకోవాలి. ఒకరు తప్పును చూసీ చూడనట్టు వదలలేదు, మరొకరు దాన్ని అవమానంగా మిగల్చలేదు.

అల్లాహ్ తన గ్రంథాన్ని సరిగా చదివి, సరిగా అర్థం చేసుకునే భాగ్యాన్ని మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.