పల్లె బడి నుంచి 'పై' వరకు



ఈసారి మీ పిల్లల లెక్కల పుస్తకంలో వృత్తం పాఠం తెరిచి చూడండి. చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే విలువకు 'పై' అనే గుర్తు కనిపిస్తుంది. ఆ విలువ గురించి మనిషికి వేల ఏళ్లుగా తెలుసు. దానికి ఈ గ్రీకు అక్షరాన్ని మొదట వాడింది మాత్రం వేల్స్ దేశంలోని ఒక చిన్న రైతు కొడుకు, విలియం జోన్స్.

ఆయన 1675లో ఆంగ్లెసీ దీవిలోని లాన్‌విహాంగెల్ ట్రేర్ బైర్ద్ అనే పల్లెలో పుట్టారు. 'కవుల ఊరు' అన్న అర్థం ఆ పేరులోనే ఉంది. ఆ రోజుల్లో అక్కడ చాలామందికి మనలా ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరే పిల్లలకు ఆనవాలు. జాన్ కొడుకు కాబట్టి జోన్స్.

లాన్‌వెఖెల్ ఊళ్లోని ధర్మబడిలో ఆయన చదువుకున్నారు. కుర్రవాడు లెక్కల్లో చురుకని తెలిసి, ఆ ప్రాంతపు భూస్వామి కుటుంబం లండన్‌లో ఒక వర్తకుడి దగ్గర పద్దులు రాసే పనిలో పెట్టించింది. తర్వాత ఆయన నౌకాదళ ఓడల్లో లెక్కలు చెప్పారు. 1702లో ఓడలు నడిపే విద్యపై పుస్తకం రాశారు. విశ్వవిద్యాలయం మెట్లెక్కకుండానే లండన్ కాఫీ హౌసుల్లో గణితం బోధించారు.

1706లో, కొత్తగా లెక్కలు నేర్చుకునేవాళ్ల కోసం రాసిన పుస్తకంలో 'పై' గుర్తును వాడారు. తర్వాత ఆయిలర్ వంటి మహా గణితజ్ఞుడు కూడా దాన్నే వాడటంతో అది లోకమంతా పాకింది. 1711లో న్యూటన్ గణిత రచనలను అచ్చు వేయించిందీ జోన్సే. రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా చేర్చుకుంది.

1749లో ఆయన చనిపోయేనాటికి కొడుకుకు ఇంకా మూడేళ్లు నిండలేదు. ఆ బిడ్డకు తొలి గురువు తల్లి మేరీ. అతడే పెద్దయ్యాక న్యాయమూర్తిగా కలకత్తా వచ్చి, 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించి, కాళిదాసు శాకుంతలాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన సర్ విలియం జోన్స్.

తండ్రికి దారి చూపింది ఒక పల్లెటూరి ధర్మబడి, అతని చురుకును గమనించిన నలుగురు పెద్దలు. కొడుకుకు దారి చూపింది ఇంట్లో అమ్మ. ఫీజు కట్టి బడికి పంపడంతో మన పని అయిపోదు. ప్రోగ్రెస్ కార్డులో మార్కులు చూసే ముందు, మీ పిల్లలు ఏ పని మొదలుపెడితే అన్నం కూడా మరిచిపోతారో ఈ నెల గమనించండి. పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ఆ సంగతి టీచర్‌కు చెప్పండి.