జమ, జమాఅత్, జుమా: బ్రౌను దొర చేసిన మేలు

మన తిరుపతి, చిత్తూరు వైపు ఏ మస్జిదు లెక్కల పుస్తకం తెరిచినా ఒక పక్క జమ, మరో పక్క ఖర్చు కనిపిస్తాయి. అదే మస్జిదులో రోజూ జమాఅత్ నిలబడుతుంది, వారానికోసారి జుమా జరుగుతుంది. ఈ మూడు మాటలూ జీమ్, మీమ్, ఐన్ అనే ఒకే ధాతువు సంతానం. ఒకచోట చేర్చడం దాని మూలార్థం. ప్రళయదినాన్ని 'సమీకరణ దినం' అని దివ్యఖుర్ఆన్ పేర్కొన్నదీ ఈ ధాతువుతోనే. మదర్సాలో ధాతువులు వల్లెవేసిన మేము, తెలుగు 'జమ'ను మాత్రం ఈ కుటుంబంలో చేర్చి చూడలేదు. ఆ చూపు మాకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను గురించి చదివాకే వచ్చింది.

ఆయన 1798లో కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ పాదిరీ, అనేక భాషలు తెలిసినవాడు. 1817లో మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్న బ్రౌను, 1820లో కడప కలెక్టరు కింద కొలువుకు వచ్చాడు. మదనపల్లె, వాయల్పాడు అప్పుడు కడప జిల్లాలోనివే. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. రైతు చెప్పేది తెలుగే, కాని అందులో జమాబందీ, తహశీలు, వసూలు లాంటి మాటలు అడుగడుగునా దొర్లేవి. ఏటేటా రైతు చెల్లించవలసిన శిస్తును తేల్చేదే జమాబందీ. ఆ మాట అర్థం కానివాడు రైతు మొర ఏం వింటాడు?

బ్రౌను సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలు సేకరించాడు, అప్పుల పాలయ్యాడు. 1834లో ఉద్యోగం పోయింది. 1837లో కంపెనీవారి పారశీక అనువాదకుడిగా తిరిగి వచ్చాడు. 1852లో కచేరీ మాటలకు జిల్లా నిఘంటువు, 1854లో తెలుగులో కలిసిన పరభాషా పదాలకు మిశ్రభాషా నిఘంటువు వెలువరించాడు. పరాయివని తోసేయకుండా జనం పలికే మాటలకు పుస్తకంలో చోటిచ్చాడు. మతం వేరైనా ఈ మేలును మనం ఒప్పుకోవాలి. 1884లో లండనులో కన్నుమూశాడు. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయం ఉంది.

అయితే అలాంటి నిఘంటువు చెప్పేది మన ఊళ్ళలోని వాడుకను. ఖుర్ఆన్, హదీసులకు అదే అర్థం అతికిస్తే పొరపాటే. మేమూ ఆ పొరపాటు చేశాము. ప్రపంచంలో 'గరీబ్'లా జీవించమన్న హదీసును ఒక జుమా ప్రసంగంలో బీదవానిలా జీవించమని చెప్పేశాము. నమాజు తర్వాత ఒక పెద్దాయన, మరి ధనవంతులకు ఈ హదీసులో వాటా లేదా మౌల్వీసాబ్ అని నెమ్మదిగా అడిగారు. ఇంటికెళ్ళి అరబ్బీ నిఘంటువు తీశాము. కనుమరుగవడం, దూరమవడం ఆ ధాతువు అర్థం. సూర్యుడు కనుమరుగయ్యే వేళ మగ్రిబ్, సొంత ఊరికి దూరమైనవాడు గరీబ్. ఆ హదీసులోనే పక్కన బాటసారి అనే మాట ఉంది, మేమే చూసుకోలేదు. మరుసటి శుక్రవారం అదే మింబర్ మీద నిలబడి అర్థం సరిచేశాము. పెద్దాయన మొదటి వరుసలోనే కూర్చుని ఉన్నారు.